తేడా బొమ్మ

మా మేనేజరుకు స్టాప్‌వాచ్ అని పేరు పెట్టింది మా బావే. టీ ఎంతసేపట్లో వస్తుంది, లిఫ్టు ఎంతసేపట్లో దిగుతుంది, మీటింగులో మనిషి ఎంతసేపట్లో నోరు మూస్తాడు, అన్నీ ఆయన కొలుస్తాడు. అలాంటి మనిషి నన్ను పిలిచి, నీ కొత్త ప్రోగ్రాము, పాత ప్రోగ్రాము పక్కపక్కన పరుగెత్తించి చూపించు అన్నాడంటే ఆశ్చర్యం ఏముంది.

విమానం తీసిన ఫోటోలను మ్యాపు మీద సరిగ్గా కూర్చునేలా సరిచెయ్యడం మా ఆఫీసు పని. విమానం ఊగుతుంది, నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఫోటో వంకరగా వస్తుంది. అందులో ప్రతి చుక్కనూ పట్టుకుని దాని అసలు చోటికి చేర్చాలి. పదేళ్ళుగా ఆ చాకిరీ చేస్తున్నది మా బావ రాసిన పాత ప్రోగ్రాము. అది నేటివ్ కోడ్, అంటే మధ్యలో ఎవరూ లేకుండా యంత్రం తన సొంత భాషలో చదువుకుని పరుగెత్తే రకం. దాన్నే నేను జావాలో తిరగరాశాను. జావాకూ యంత్రానికీ మధ్య ఒక దుబాసీ కూర్చుంటాడు. మొదట్లో తడబడతాడు, అదే మాట పదిసార్లు చెబితే కంఠతా పట్టి గడగడా అప్పజెబుతాడు. అందుకే జావాను కొలిచే ముందు కాసేపు ఊరికే పరుగెత్తించి వేడెక్కించాలి.

బావ ఉన్న రోజుల్లో ఈ విషయం మీద మాకు రోజూ తగువే. నిదానమే ప్రధానం అనేదాన్ని నేను. ఆలస్యం అమృతం విషం అనేవాడు ఆయన. "మరదలుగారి జావా గడప దాటే ముందు మూడుసార్లు గొళ్ళెం చూసుకుంటుంది" అని నవ్వేవాడు. నిజమే. బొమ్మ పెట్టుకోవడానికి మెమరీలో చోటు అడిగితే జావా ఆ చోటంతా సున్నాలతో తుడిచి ఇస్తుంది. చుక్క చుక్కకూ గట్టు దాటుతున్నామేమో చూసుకుంటుంది. నేటివ్‌లో తుడవడం మన ఇష్టం, గట్టు చూసుకోవడమూ మన ఇష్టం. బావ రెండూ చెయ్యలేదు. ఆయన కోడ్ నడిమధ్యలో ఒక గమనిక రాసి ఉంది: "ఇక్కడ తుడవొద్దు. ఎలాగూ మొత్తం నింపేస్తాం. ఫోటోకి సెకనులో రెండు పదోవంతులు మిగులు."

ఈ మిగులు పిచ్చే ఆయన్ను ఇంటికి దూరం చేసింది. రెండేళ్ళ క్రితం ఒక ఉదయం, రాత్రంతా ఆఫీసులో ఉండి వచ్చిన ఆయనతో మా అక్క గొడవ పడింది. "మిగిల్చిన సెకన్లన్నీ ఎక్కడ దాచావు, ఇంటికి ఒక్కటీ రాలేదే" అంది. ఆయన ఏదో గొణిగాడు. "పో. మళ్ళీ రానక్కర్లేదు" అంది అక్క. ఆయన ఆఫీసువాళ్ళిచ్చిన నారింజరంగు కోటు వేసుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. క్వారీ గుంటలో పడ్డాడని కొందరన్నారు. గజ ఈతగాళ్ళు మూడు రోజులు వెతికినా ఏమీ దొరకలేదు. అలాంటి కోటు వేసుకున్న మనిషి బస్సెక్కాడని ఒక కండక్టరు చెప్పాడు. అప్పటి నుంచి మా అక్కకు రెండే ఆలోచనలు. ఆయన చనిపోయాడా, లేక తను పొమ్మంటే నిజంగానే వదిలేసి పోయాడా. వీటిలో ఏది తేలికో తనకే తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పేది: తెలియకపోవడం కన్నా ఏదైనా మేలే.

పోటీ షరతులు స్టాప్‌వాచ్ కాగితం మీద రాశాడు. ఒకటి, జావా పాతదానికన్నా పదోవంతుకు మించి వెనకబడకూడదు. రెండు, రెండు ఫలితాలూ చుక్క తేడా లేకుండా వరసగా రెండు వందల పరుగులు కలవాలి. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే మిగిలేదాన్ని మేము తేడా బొమ్మ అంటాం. రెండూ ఒకటే అయితే అది ఒట్టి నల్లగా వస్తుంది, పక్కన తేడా చుక్కల లెక్క సున్నా అని పడుతుంది. రెండు వందల సున్నాలు పడితే పాత ప్రోగ్రామునూ, అది నడిచే పాత యంత్రాన్నీ తీసేస్తారు.

ఫోటో ఎంపిక నాకే వదిలేశారు. చేతిలో మ్యాపు పడితే మనిషి ముందు వెతికేది సొంత ఇంటిని. మా పనిలో ఉన్న అందరికీ ఈ జబ్బుంది, నాకు కాస్త ఎక్కువ. మా వీధి ఉన్న ఫోటో తీసుకున్నాను. ఇళ్ళు, చెట్లు, క్వారీ, పెద్దరోడ్డు అన్నీ ఉన్నాయి, పరీక్షకు మంచిదని స్టాప్‌వాచ్‌తో అన్నాను. బావ వెళ్ళిపోయిన ఉదయమే విమానం ఆ ఫోటో తీసిందని ఆయనకు చెప్పలేదు. అందులో బావ ఎక్కడా లేడని రెండేళ్ళ క్రితమే చుక్క చుక్కా వెతికి చూశాను.

మొదటి రోజు నా జావా మా వీధిలోని తెల్లటి డాబాలన్నిటికీ మసి పూసింది. జావాలో చుక్క వెలుగును దాచే అంకె, అంటే బైటు, సగం దాటితే మైనస్ అయి కూర్చుంటుంది. మా పనిలో ఈ తప్పు అందరూ ఒకసారి చేస్తారు, నేను రెండోసారి చేశాను. సరిదిద్దాక ఫలితాలు కలిశాయి. జావా మొదటి పరుగుకు ఏడు సెకన్లు తీసుకుంది, ఇరవయ్యో పరుగుకు నాలుగూ పాతిక్కి వచ్చింది. పాతది సరిగ్గా నాలుగు. నాకు భూమి మీద కాలు ఆగలేదు. గది వేడి, కరెంటు హెచ్చుతగ్గులు ఇద్దరికీ సమానంగా తగలాలని ఒకసారి జావా, ఒకసారి పాతది, మార్చి మార్చి పరుగెత్తించడం మొదలుపెట్టాను.

మంగళవారం మధ్యాహ్నం సున్నాల మధ్య ముప్ఫై ఒకటి అని పడింది. తర్వాత ముప్ఫై మూడు. తేడా బొమ్మ తెరిచి చూస్తే అంతా నలుపే, ఒక్క చోట మాత్రం నాలుగైదు నారింజ చుక్కలు, వాటి పక్కన సన్నటి పొడుగాటి మరక. అసలు ఫోటో పక్కన పెట్టి చూస్తే అది మా అక్క ఇంటి గేటు.

తుడవని చోటులో పాత ఫోటో ముక్కలు మిగిలిపోయి బయటపడటం మాకు కొత్త కాదు. కడగని గిన్నెలో వండితే నిన్నటి కూర వాసన వచ్చినట్టే. బావను మనసులోనే నాలుగు తిట్టి మళ్ళీ పరుగెత్తించాను. నారింజ చుక్కలు గేటుకు ఏడు చుక్కల దూరం జరిగాయి. మళ్ళీ పరుగెత్తిస్తే ఇంకో ఏడు. మా ఫోటోలో ఒక చుక్క నేల మీద బెత్తెడు. ఏడు చుక్కలంటే మనిషి నడకలో ఒక అడుగు. పాత ఫోటో ముక్క ఎక్కడిదైనా రావచ్చు గానీ అది వీధి వెంట నడవదు.

మరకను పెద్దది చేసి చూశాను. ఉదయపు ఎండలో పడిన మనిషి నీడ. ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని నడుస్తున్న నీడ. ఆ చేతికీ ఒంటికీ మధ్య టీకప్పు పిడిలో కనిపించేంత సందు. అలా నడుం మీద చెయ్యి వేసుకుని నడిచే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. చలేసి ఏసీ ఆపడానికి లేచి వెళ్ళాను, అది అప్పటికే ఆపి ఉంది.

బుద్ధిగా చెయ్యాల్సినవన్నీ చేశాను. యంత్రం ఆపి మళ్ళీ వెలిగించాను. నారింజ చుక్కలు ఆగిన చోటు నుంచే కదిలాయి. బావ కోడ్‌లో తుడిచే వాక్యం ఒకటి చేర్చాను. రెండు పదోవంతులు పెరిగాయి, మనిషి మాయమయ్యాడు, సున్నా పడింది. వాక్యం తీసేసి పరుగెత్తిస్తే మళ్ళీ కనబడ్డాడు, ఈసారి పద్నాలుగు చుక్కలు ముందుకు. అంటే తుడిచిన పరుగులో కూడా ఆయన నడిచాడు, నాకు కనబడలేదు, అంతే. పోయిన అడుగు పోయినట్టే, వెనక్కి తేలేం. అది తెలిశాక ఇంక తుడవడానికి నాకు ధైర్యం చాలలేదు. ప్రతి తేడా బొమ్మనూ దాచడం మొదలుపెట్టాను.

బుధవారం సాయంత్రానికి ఆయన వీధి చివరకు వచ్చాడు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారి క్వారీ మీదికి, కుడి దారి పెద్దరోడ్డుకు, బస్‌స్టాప్‌కు. నేను పరీక్ష ఆపేశాను. అది నేను ఒంటరిగా చూడాల్సిన అడుగు కాదు.

మా అక్క కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడుతుంది. వెంట్రుకవాసి తేడా కూడా తన కంటికి ఆనుతుంది. దాచిన బొమ్మలు వరసగా చూపించాను. మొదటిదానికే గుర్తుపట్టింది.

"ఇది నువ్వు చేసింది కాదు కదా" అంది.

"నాకంత తెలివుంటే ఈ ఉద్యోగంలో ఎందుకుంటానక్కా."

"ఆపితే ఏమవుతుంది?"

"అక్కడే నిలబడి ఉంటాడు. ఎన్నాళ్ళయినా."

"కదిలిస్తే?"

"ఎటు వెళ్ళాడో తెలుస్తుంది."

అక్క తన కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. "రేపు మధ్యాహ్నం సెలవు పెడతాను" అంది.

గురువారం రెండింటికి మా గదిలో ముగ్గురం కూర్చున్నాం. మా అక్కను చూసి స్టాప్‌వాచ్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. బావ ప్రోగ్రాము ఆఖరి పరుగు చూడటానికి వచ్చిందనుకున్నాడు పాపం. ఆయనకు కనబడేది తెర కుడి పక్కన పడే అంకెలు. మాకు కావలసింది ఎడమ పక్కన బొమ్మ. జావా ఒకటి, పాతది ఒకటి, మధ్యలో తీసివేత, అన్నీ కలిపి పది సెకన్లకు ఒక అడుగు.

నారింజ చుక్కలు చీలిక దగ్గర మూడు పరుగులు ఆగాయి. నాలుగోదానికి కుడికి తిరిగాయి.

కుడి దారి అంటే బస్‌స్టాప్. ఆ కండక్టరు చెప్పింది నిజమన్నమాట. నూట ఇరవై పరుగులు, ఇరవై నిమిషాల పాటు, ఒక మనిషి మా అక్కను వదిలి అడుగు తర్వాత అడుగు దూరంగా నడిచివెళ్ళడం చూశాం. తర్వాత ఆయన బస్‌స్టాప్ రేకు కప్పు అంచుకు చేరాడు. ఆ తర్వాతి పరుగుకు బొమ్మ నల్లబడింది.

"సున్నా" అన్నాడు స్టాప్‌వాచ్ సంతోషంగా. "కుదురుకుంటోంది."

కప్పు కిందికి వెళ్ళాడు. పైనుంచి విమానానికి కనబడడు. అసలు ఫోటోలో ఆయన ఎందుకు లేడో నాకు అప్పుడు తెలిసింది. ఫోటో తీసిన ఆ క్షణాన ఆయన ఆ రేకు కింద కూర్చుని ఉన్నాడు.

సున్నాలు పడుతూనే ఉన్నాయి. యాభై, ఎనభై, నూరు. స్టాప్‌వాచ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. జావా నాలుగూ పాతిక దగ్గర గుండ్రాయిలా నిలబడింది. నా ప్రోగ్రాము గెలుస్తోంది, మా అక్క ఓడిపోతోంది, నేను ఎవరి వైపు చూడాలో తెలియలేదు.

"బస్సెక్కేశాడే" అంది అక్క, చాలా మెల్లిగా. "నేను పొమ్మన్నాను. పోయాడు. అంతే కదా."

"ఇంకా రెండు వందలు కాలేదక్కా."

"అయ్యేదాకా కూర్చోవాలా?"

"వెళ్ళిపోదామంటే వెళ్ళిపోదాం."

అక్క లేచి భుజానికి సంచి తగిలించుకుంది. నూట అరవై అన్నాడు స్టాప్‌వాచ్. నూట అరవై ఒకటి. నూట అరవై రెండు. అక్క తలుపు దగ్గరికి వెళ్ళి, ఎందుకో ఒకసారి వెనక్కి చూసింది.

"ముప్ఫై రెండా? ఇదెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు స్టాప్‌వాచ్.

రేకు కప్పు ఇవతలి అంచున నాలుగు నారింజ చుక్కలు, నడుం మీద చెయ్యి పెట్టుకున్న నీడ. ఆయన అడుగులతో కొలిస్తే ఆ కప్పు కింద కూర్చున్నది ఒకటిన్నర నిమిషం. బస్సు వచ్చి వెళ్ళిపోయేంత సేపు. అందులో ఆ రంగు కోటు వేసుకుని ఎవరెక్కారో ఏమో, ఈయన మాత్రం ఎక్కలేదు.

అక్క సంచీతోనే వచ్చి కూర్చుంది. ఈసారి కుర్చీ తెరకు ఆనుకునేంత దగ్గరగా లాక్కుంది.

"ఇది పెద్దరోడ్డు దారి కాదే" అంది.

కాదు. ఆయన క్వారీ గట్టు మీది అడ్డదారి పట్టాడు. అప్పట్లో మేమందరం వాడిన దారే. అక్క ఇంటి వెనక్కి తేలుతుంది, సగం నడక తగ్గుతుంది. కంచె వేసింది మరుసటి ఏడు. నేను అలవాటు కొద్దీ రెండు అడుగుల మధ్య చుక్కలు లెక్కపెట్టాను. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను.

"అక్కా, తొమ్మిది."

"ఏంటి తొమ్మిది?"

"అడుగుకు తొమ్మిది చుక్కలు వస్తున్నాయి. వెళ్ళేటప్పుడు ఏడే."

అక్క వేలితో తెర మీద కొలిచింది. అద్దం అరగదీసే వేలు అది, పొరబడదు. "తొందరగా వస్తున్నాడు" అంది. నీడలో నడుం మీది చెయ్యి కూడా కిందికి దిగింది. బావ నడుం మీంచి చెయ్యి తియ్యగా నేనెప్పుడూ చూడలేదు.

బావ వెళ్ళిపోయిన ఉదయానికి ముందు రాత్రి వాన పడిందన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఇంకోటి కూడా గుర్తుకొచ్చింది. మరుసటి ఏడు విమానం తీసిన ఫోటోలో, ఆ గట్టు ఒకచోట కొరికిన బిస్కెట్టులా ఉంటుంది. వానకు జారిందనుకున్నాం. ఈతగాళ్ళు వెతికింది అవతలి పక్క, రోడ్డు వైపు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆపమంటావా అని అడగాలని నోటిదాకా వచ్చింది. పాతదానికి బ్రేకు వెయ్యడం నాకు ఒక్క మీట పని. అక్క నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"ఆపకు" అంది. "రానీ."

తొంభై అడుగులు వచ్చాడు. అక్క ఇంటి వెనక గోడ ఆ బొమ్మలో నేను చూపించగలిగేంత దగ్గరికి వచ్చాడు. తొంభై ఒకటో పరుగు నల్లగా వచ్చింది.

"సున్నా" అన్నాడు స్టాప్‌వాచ్.

అక్కడ రేకు కప్పు లేదు. చెట్టు లేదు. అంతా ఆకాశానికి తెరుచుకున్న చోటు. తర్వాతి పరుగు సున్నా. ఆ తర్వాతిదీ సున్నా. ఇద్దరం కళ్ళు ఆర్పకుండా కూర్చున్నాం. యాభై దాటాక కూడా అక్క నా చెయ్యి వదల్లేదు. నూరు దాటాక అక్కకు కన్నీళ్ళు మొదలయ్యాయి, శబ్దం లేకుండా, తుడుచుకోవాలన్న ధ్యాస లేకుండా. నూట అరవై మూడు దగ్గర ఇద్దరం ఒక్కసారి ముందుకు వంగాం. అదీ సున్నానే.

"రెండు వందలు" అన్నాడు స్టాప్‌వాచ్. తన కాగితం మీద రెండు షరతుల పక్కనా టిక్కు పెట్టాడు. "తేడా సున్నా. రెండూ అచ్చంగా ఒకటే. మంచి పని చేశావమ్మా." అప్పుడు అక్కను చూసి గొంతు తగ్గించాడు. "ఆయన కోడ్ తీసేస్తున్నామని మీకు బాధగా ఉంటుంది. మీరు వద్దంటే ఒక కాపీ అట్టే పెడతాం."

నేను అక్క వైపు చూశాను. ఆఫీసు గొడవలేవీ తనకు తెలియవు. నేటివ్ అంటే ఏమిటో, జావా అంటే ఏమిటో తెలియదు. ఆ యంత్రంలో ఆయన ఇంక లేడన్న సంగతి మాత్రం గదిలో మా ఇద్దరికే తెలుసు.

"తీసేయండి" అంది అక్క. "ఆయన రావాల్సినంత దూరం వచ్చేశాడు."

స్టాప్‌వాచ్‌కు అర్థం కాలేదు. అయినా తల ఊపాడు. నేను చివరి నారింజ చుక్క అక్షాంశం, రేఖాంశం కాగితం మీద రాసుకున్నాను. మా ఫోటోల్లో ప్రతి చుక్కకూ అడ్రసు ఉంటుంది, బెత్తెడు కూడా తప్పదు. రేపు పొద్దున్న ఆ కాగితం పోలీసులకిచ్చి, జారిన రాళ్ళ కింద వెతకమనాలి. ఎలా తెలుసని అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు. తర్వాత పాత ప్రోగ్రాము తీసేసి, రిపోర్టు కింద సంతకం పెట్టాను.

ఇంటికి పెద్దరోడ్డు మీదుగానే నడిచి వచ్చాం. దారిలో అక్క మూడుసార్లు అడిగింది, తొమ్మిదేనా, సరిగ్గా లెక్కపెట్టావా అని. మూడుసార్లూ తొమ్మిదే అని చెప్పాను.